రుచి తెలిసిన నాలుక

నజ్‌లా మూట కట్టలేదు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

అలిగిన కోడలు మూట కడుతుంది, తలుపు విసురుతుంది, పుట్టింటి దారి పడుతుంది. ఆ వయసులో నేనూ కట్టాను, మళ్లీ నేనే విప్పుకున్నాను. ఈ పిల్ల మాత్రం ఆదివారం గుడి నుంచి వచ్చింది మొదలు ఇల్లు ఊడ్చింది, వంకాయలు ఉడకబెట్టింది, వాటి పొట్టలు చీల్చి అక్రోటు పప్పూ వెల్లుల్లీ కూరి నూనె జాడీలో సర్దుతూ కూర్చుంది. చేయి ఆగదు, నోరు పెగలదు. తప్పు చేసినవాళ్లూ అలాగే ఉంటారు, చేయనివాళ్లూ అలాగే ఉంటారు. ఇన్నేళ్లు బతికినా ఆ రెంటికీ తేడా పట్టడం నాకు చేతకాలేదు.

నా కొడుకు నసీబ్ రొట్టె తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

"మధ్యాహ్నం షేక్ షకీబ్ వస్తున్నారమ్మా, పాస్టరుగారిని వెంటబెట్టుకుని," అన్నాడు. నాతో అన్నాడు. పెళ్లాం చేతికందే దూరంలోనే ఉంది.

మాది ప్రెస్బిటేరియన్ సంఘం. సంఘపెద్దలను మా ఊళ్లో షేక్ అని పిలుస్తాం. మా అన్న జిర్జిస్ పోయిన దగ్గర్నుంచి పెద్దల్లో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వచ్చే ఆదివారం సంఘం చేతులెత్తి దాన్ని నింపాలి. ఉన్నవి రెండే పేర్లు. ఒకటి నా కొడుకుది, రెండోది మా అన్న కొడుకు అనీస్‌ది. నసీబ్ ఆ కుర్చీ కోసం పాకులాడే మనిషి కాదు. కానీ పేరు పెట్టాక తీసేస్తే ఆ మచ్చ ఊళ్లో తరతరాలు ఉంటుంది.

"వాళ్లకేం చెబుతుందో ఆమెను అడుగు," అన్నాడు.

"పక్కనే ఉంది కదరా. నువ్వే అడుగు."

"నేనడిగితే మళ్లీ అదే మాట అంటుంది."

నజ్‌లా వంకాయ మీంచి తలెత్తలేదు. "ఏ మాట? నిజం మాటా?"

"గుడిలో గుసగుసలాడాల్సిన పనేమొచ్చింది నీకు?"

"గుసగుసే కదా ఆడాను. మీ గుడిలో గుసగుస కూడా గంట కొట్టినట్టు వినబడుతుందని నాకేం తెలుసు? మా గుడిలో అయితే వెనక బెంచీల్లో పెళ్లి సంబంధాలు కుదుర్చుకున్నా పాదిరిగారికి వినబడదు."

నాకు నవ్వొచ్చింది. మింగేశాను.

"మీ గుడి అనకు. ఇప్పుడు నీ గుడి ఇదే."

"అదే తేల్చడానికే కదా వస్తున్నారు మధ్యాహ్నం," అంది, జాడీ మూత బిగిస్తూ.

నా కొడుకు తుంచిన రొట్టె ముక్క పళ్లెంలో పెట్టేశాడు.

జరిగింది చూస్తే ఇంతే. ఆదివారం కోత పండుగ. ప్రసంగ వేదిక ముందు దానిమ్మలు, గుమ్మడికాయలు, గోధుమ పనలు, ఎవరి కొత్త నూనె వాళ్లు సీసాల్లో తెచ్చి పెట్టారు. హెర్మోను కొండ మీంచి చల్లగాలి తిరిగింది, పైకోట్లు పెట్టెల్లోంచి బయటికొచ్చాయి, గుడంతా కర్పూరపు ఉండల వాసన. వాక్యం అయింది, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల మొదలైంది. రొట్టె వచ్చింది. తర్వాత గిన్నె చేతి నుంచి చేతికి వచ్చింది. నేను తాగి నజ్‌లాకు అందించాను. తను తాగి కళ్లు మూసుకుంది. చీమ చిటుక్కుమన్నా వినబడే ఆ నిశ్శబ్దంలో, నా చెవి దగ్గరికి వంగి, ఎంత సంతోషంగా అందో.

"అత్తయ్యా, ఇవాళ మా గుడి రుచి వచ్చింది. ఇది వైన్."

ముందు బెంచీలో తలలు తిరిగాయి. వెనక బెంచీలో తలలు వంగాయి.

మా సంఘంలో వైన్ ముట్టం. వెనకటికి వచ్చిన అమెరికన్ మిషనరీ దొరసాని మా అమ్మమ్మల చేత ఒట్టు వేయించి తెల్ల రిబ్బను కట్టింది, ఆ ఒట్టు ఇప్పటికీ పిల్లలచేత వేయిస్తూనే ఉన్నాం. ఆకురాలే కాలం వచ్చిందంటే ఊరంతా అరక్ అనే ద్రాక్ష సారా కాస్తుంది, సోంపు వాసన గోడలకు పడుతుంది. మా వీధిలో మాత్రం ద్రాక్షను కాచి తీపి పాకం తీస్తాం. ప్రభువు బల్లకు పెట్టేదీ తీపి రసమే. కాచి, చల్లార్చి, జాడీలో పోసి, పైన నూనె పొర తేలేసి మూస్తారు. ఏటా ఆ పని మా అన్న భార్య, మా వదిన అఫీఫాది.

మరి వైన్ ముట్టనివాళ్లకు వైన్ రుచి ఎలా తెలుస్తుంది? తెలియకూడదు. గొంతు మండినా "ఇదేమిటి" అన్నవాడు తెలిసినవాడి కింద లెక్క. అందుకే సంఘమంతా తాగింది, సంఘమంతా నోరు మూసుకుంది. నాకూ గొంతు మండింది. ఏదో తేడాగా ఉంది అనుకున్నాను గానీ దానికి పేరు పెట్టుకోలేదు. చివరి పాట మాత్రం ఆ రోజు పాడినంత హుషారుగా మావాళ్లు ఏనాడూ పాడలేదు.

నజ్‌లా పాత సంఘం పిల్ల, రూమ్ అనే ఆర్థడాక్స్ వాళ్ల ఇంటిది. వాళ్ల నాన్నకు అరక్ కాచే బట్టీ ఉంది. పండుగ ముందు శుక్రవారం పుట్టింటికి వెళ్లి, గుడ్డ కప్పిన బుట్టతో తిరిగొచ్చింది. ఆ గుడ్డ నేనే ఎత్తి చూశాను. పైన అంజూరాలు ఉన్నాయి. కింద ఏముందో తవ్వి చూడలేదు. సీసా ఏమైనా తెచ్చి గుడి రసంలో కలిపిందా అని ఆదివారం నుంచి నా మనసు ఆ బుట్ట అడుగునే తిరుగుతోంది.

షేక్ షకీబ్ చెప్పిన వేళకే వచ్చారు. మా అన్నకు చిన్ననాటి నేస్తం ఆయన. ఎర్ర టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, మా అన్న ఫొటో ఎదురుగా కూర్చున్నారు. పక్కన పాస్టర్ రాజీగారు. బీరూత్‌లో చదివొచ్చిన కుర్రాడు, ఇంకా గడ్డం కూడా దట్టంగా రాలేదు. నజ్‌లా కాఫీ తెచ్చి పెట్టింది. ఇద్దరూ ముట్టుకోలేదు.

పెద్ద పని మీద వచ్చినవాళ్లు మా దగ్గర అలాగే చేస్తారు. అడిగింది ఇస్తామని మాటిస్తేనే కాఫీ గిన్నె ఎత్తుతారు. ఇవ్వకపోతే అది చల్లారిపోతుంది, చల్లారిన గిన్నె సంగతి సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది.

వానల గురించి, ఆలివ్ కాపు గురించి మాట్లాడారు. ఈ ఏడు ద్రాక్ష విరగకాసిందన్నారు. ఆ తర్వాత షేక్ గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయీ, ఒక్క మాటే అడుగుతాను. అది వైన్ అని నీకెలా తెలుసు?"

"పుట్టినప్పటి నుంచీ తెలుసు షేక్. మా పాదిరిగారు రొట్టెను అందులో నానబెట్టి చెంచాతో నోట్లో పెడతారు. చంటిబిడ్డకు కూడా పెడతారు."

"అంటే అంతమందిలో నీ ఒక్కదానికే తెలిసింది."

"అందరికీ గొంతు మండింది. మీరు దగ్గారు కూడా."

పాస్టరుగారు తన బూట్లకేసి చూసుకున్నారు.

"రసం కాస్త పులిసింది, దగ్గొచ్చింది," అన్నారు షేక్. "పులుపు వేరు, వైన్ వేరు."

ఆ తర్వాత ఆయన చాలాసేపు మెత్తగా మాట్లాడారు. తానేమీ అనడం లేదన్నారు. ఊరు అంటోందన్నారు. ఫలానావాళ్ల ఇంట్లో బట్టీ ఉందని అంటోంది, ఫలానా రోజు బుట్ట వచ్చిందని అంటోంది, కొత్తగా చేరినవాళ్ల మనసు ఇంకా పాత గుడిలోనే ఉందని అంటోంది. ఊరి నోరు మూయించడానికి దారి ఒకటే ఉందన్నారు. ఆదివారం ఎన్నికకు ముందు నజ్‌లా లేచి నిలబడి, నేను పొరబడ్డాను, అది తీపి రసమే అని చెప్పాలి. అలా చెబితే గుడిలోకి వైన్ రానట్టే. రాని వైన్‌ను ఎవరూ తెచ్చినట్టు కాదు. చెప్పకపోతే కొన్నాళ్లు ఆమె బల్లకు దూరంగా ఉండాలి, భార్య బల్లకు దూరమైన మనిషి పెద్ద ఎలా అవుతాడు.

బుట్ట సంగతి ఊరికి ఎవరు చెప్పారు? గుడ్డ ఎత్తినప్పుడు వాకిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరితోనైనా అన్నానా అని వెతుక్కున్నాను. పొయ్యి దగ్గర అఫీఫాతో అన్నాను.

"నేను తేలేదని మీరు నమ్ముతున్నారా షేక్?" అంది నజ్‌లా.

"లేనిదాన్ని ఎవరు తెస్తారమ్మా."

"అంటే మా అమ్మ ఒళ్లో కూర్చుని చిన్నప్పుడు నోట్లో పెట్టించుకున్నది ఏమిటో నాకు తెలియదని, మీ గుడిలో నిలబడి చెప్పాలి."

కాఫీ మీద తెట్టు కట్టింది.

"చెబుతుంది," అన్నాడు నసీబ్.

షేక్ షకీబ్ గిన్నె ఎత్తారు. పాస్టరుగారూ ఎత్తారు, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగి మూతి తుడుచుకున్నారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నజ్‌లా గుమ్మంలోనే ఉంది. తర్వాత గిన్నెలు పళ్లెంలో పెట్టుకుంటూ నా కొడుకుతో అంది, "కాఫీ నువ్వు తాగించావు. నేను కాదు."

వాడు కోటు తీసుకుని ఆలివ్ తోటకు పోయాడు. కాయలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, వాటికి చేసే పనేమీ లేదు.

ఆ సాయంత్రం పప్పులో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఆదివారాన్ని మళ్లీ మొదట్నుంచి కళ్లముందు పెట్టుకుని చూశాను. ఈ చదువురాని బుర్రకు దేవుడు ఇచ్చింది అదొక్కటే, చూసింది పోదు. గిన్నె మొదట ముందు బెంచీ చివర కూర్చున్న అఫీఫా చేతికి వెళ్లింది. ఆమె తల వంచింది. గిన్నె వాలింది. కానీ గొంతు కదల్లేదు. పెదవి తడవకుండానే పక్కావిడకు అందించింది.

రసం కాచిన మనిషి రసం తాగలేదు.

మర్నాడు గుడి ఆవరణలో గోధుమలు ఉడికించే రోజు. ఏటా స్త్రీల సమాజం పెద్ద రాగి కాగు పెట్టి, అందరి గోధుమలూ ఒకేసారి ఉడికిస్తుంది. తర్వాత మిద్దెల మీద ఎండబెట్టి రవ్వ పట్టించుకుంటాం. పిల్లలు గిన్నెలు పట్టుకుని మూగుతారు, ఉడికిన గోధుమల మీద పంచదార చల్లించుకోవడానికి. తెడ్డు ఎప్పుడూ అఫీఫా చేతిలోనే ఉంటుంది. నూరేళ్లయినా ఎవరికీ ఇవ్వదు.

దారిలో నజ్‌లా నా మోచేయి పట్టుకుని ఆపింది. ఆదివారం పొరబడ్డానని చెప్పేస్తానంది. మొగుడి పేరు పోగొట్టలేనంది. నేను సరేనన్నాను. అనేశాక ఆ సరే నాకే చేదుగా అనిపించింది.

మేం గేటు దాటగానే మాటలు ఆగాయి. పంచదార డబ్బా పట్టుకున్న లబీబె, ఆవిడకు నోటి దురద ఎక్కువ, ఉడికిన గింజలు నాలుగు గరిటెలో ఎత్తి నజ్‌లా ముందు పెట్టింది. "ఉప్పు సరిపోయిందేమో చూడవే తల్లీ. రుచులు బాగా తెలిసినదానివి."

ఎవరో నవ్వారు. నజ్‌లా నమిలి మింగింది.

"గోధుమల్లో చాల్లేదు పిన్నీ. మాటల్లో ఎక్కువైంది."

ఈసారి నవ్వినవాళ్లు ఎక్కువమంది. నేను కాగు అవతలికి, పొగ వైపుకు వెళ్లాను. అటు కళ్లు మండుతాయని ఎవరూ నిలబడరు. అఫీఫా ఒక్కతే ఉంది.

"వదినా, ఆదివారం నువ్వు తాగలేదు."

తెడ్డు తిరుగుతూనే ఉంది. "తాగాను."

"నీ గొంతు కదల్లేదు."

"ప్రభువు బల్ల దగ్గర కూర్చుని నా గొంతు చూస్తున్నావా ఆద్లా?"

"నువ్వు కాచిన రసం. నీకు తెలిసే సంఘం చేత తాగించావు. నా కోడలి బుట్ట సంగతి ఊళ్లో వేసిందీ నువ్వే. నీ కొడుక్కి ఆ కుర్చీ కావాలంటే నన్నడగొచ్చుగా."

అప్పుడు తెడ్డు ఆగింది. పొగలో ఆమె మొహం సరిగ్గా కనబడలేదు.

"గిన్నె మూతి దగ్గరికి వచ్చాక వాసన తగిలింది," అంది. "అప్పుడు లేచి నిలబడి ఏమనను? ఇది వైన్ అననా? నీకెలా తెలుసని అడిగితే?"

"ఎలా తెలుసు?"

"మీ అన్న పక్కలో పడుకున్నదాన్ని. వాసన తెలియకుండా లవంగం నమిలి వచ్చేవాడు. నాకు తెలియదనుకునేవాడు."

నేను ఆ మాట వినకూడదనుకున్నాను. వినేశాను. పిల్లల చేత ఒట్టు వేయించింది మా అన్న. తెల్ల రిబ్బన్లు కట్టింది మా అన్న. ఊళ్లో పెళ్లి విందుకు వెళితే గ్లాసు బోర్లించి కూర్చునేది మా అన్న.

అఫీఫా మెల్లగా మిగతాది చెప్పింది. నేలమాళిగలో కట్టెల వెనక ఆయన వైన్ దాచుకునే పెద్ద జాడీ ఉండేదట. ఆయన పోయాక అందులోది పారబోసి, జాడీ పగలగొట్టడానికి చేతులు రాక వదిలేసిందట. ఈ ఏడు ద్రాక్ష ఎక్కువైంది, ఎప్పుడూ పోసే జాడీ చాల్లేదు. బూడిదతో తోమింది, వేడినీళ్లతో కడిగింది, ఎండలో పెట్టింది. కాచిన రసం చల్లార్చి అందులో పోసింది.

"ఎంత కడిగినా ఆ మట్టికి పాత అలవాటు పోలేదు," అంది.

"నేన్నమ్మాలా? పొరపాటేనా ఇదంతా?"

"నా కొడుకు కుర్చీ కోసం మొగుడి పరువు జాడీలో పోసి గుడికి మోసుకొస్తానా? బుట్ట మాట నేనే అన్నాను. భయమేసి అన్నాను. దానికి దేవుడు నన్ను అడుగుతాడు." తెడ్డు మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. "నువ్వు నోరు విప్పితే నీ కోడలు నిలబడుతుంది, మీ అన్న పడిపోతాడు. ఇక నీ ఇష్టం."

అంతా నమ్మానని చెప్పను. సగం నమ్మాను. ఏ సగమో నాకే తెలియదు.

గోధుమలు పగిలాయి, ఇక దించొచ్చని ఎవరో అంటూ ఉండగా షేక్ షకీబ్ ఆవరణలోకి వచ్చారు. మొదటి గిన్నె పెద్దలకు ఇవ్వడం ఆనవాయితీ. నజ్‌లాయే తీసుకెళ్లి ఇచ్చి, మెల్లగా ఏదో చెప్పింది. ఆయన తిని, బాగుందని తలాడించి, అందరికీ వినబడేలా నన్ను పిలిచారు. నసీబ్ తల్లిని మా దగ్గర ఉమ్ నసీబ్ అంటారు.

"ఉమ్ నసీబ్, నీ కోడలు ఆదివారం చెబుతానంది. మంచిది. కానీ ఒక్కరి మాట గాలికి పోతుంది. పక్కన కూర్చుని అదే గిన్నె తాగినదానివి నువ్వు. నువ్వు కూడా లేచి, తీపి రసమేనని ఒక్క మాట అనెయ్. అంతటితో అయిపోతుంది."

పంచదార చల్లే చేతులు ఆగాయి. నజ్‌లా తల వంచుకుని ఉంది. ఆ వంచిన మెడ చూశాను. నా ఇంటికి వచ్చాక ఆ పిల్ల మెడ వంచడం నేను చూడ్డం అదే మొదటిసారి. నాకది నచ్చలేదు.

"అది వైనే షేక్," అన్నాను.

అనేసి ఆ ప్రశ్న కోసం ఎదురుచూశాను. నీకెలా తెలుసు, ఉమ్ నసీబ్? అడుగుతారు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మా అన్న తప్ప ఇంకో జవాబు లేదు. అబద్ధం చెప్పాలన్నా అంత చప్పున తోచే బుర్ర కాదు నాది.

ఆయన అడగలేదు.

ఆయన చూపు నన్ను దాటి, పొగను దాటి, అఫీఫా మీదికి పోయింది. ఆశ్చర్యపడ్డ చూపు కాదది. మా అన్న జాడీ మూత ఇంకా బిగిసే ఉందా అని చూసే చూపు. మా వదిన కళ్లు దించేసుకుంది.

"సరే, సరే," అన్నారు షేక్, టోపీ సర్దుకుంటూ. "పెద్దదానివి, నీ మాట నీది. ఆదివారం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అమ్మాయి బల్లకు వస్తుంది, నసీబ్ పేరూ ఉంటుంది. ఈ గొడవ ఇక్కడితో వదిలేద్దాం."

కావలసిందంతా దొరికింది. నా కొడుకు పేరు నిలిచింది, నా కోడలు బల్లకు వస్తుంది, మా అన్న సమాధి రాయి కింద చల్లగా ఉంటాడు. ఊపిరి పీల్చుకున్నాను. ఆయన గేటు వైపు తిరిగారు.

నజ్‌లా తల ఎత్తింది. గేటుకూ ఆయనకూ మధ్యకు వచ్చి, ఎంతో మర్యాదగా, గుసగుసలాడకుండా అడిగింది.

"షేక్, నీకెలా తెలుసని నన్ను అడిగారు కదా. అత్తయ్యని అడగలేదేం?"

తెడ్డు తిప్పేవాళ్లు లేక కాగు అడుగున గోధుమలు మాడుతున్న వాసన వచ్చింది.